1853లో పెట్టిన తాకట్టు: చింగ్ వంశం నిలిచే దారి ఉండేదా?

1912 ఫిబ్రవరి 12న, ఆరేళ్ల పూయీ పేరిట, రాజమాత లోంగ్‌యూ రాజ్యత్యాగ ప్రకటన వెలువరించింది. 1644లో బీజింగ్‌ను పట్టుకున్న మంచూల చింగ్ వంశం 268 ఏళ్ల ఏలుబడి ఆ కాగితంతో ముగిసింది. చైనా చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే ‘అలా జరగకపోయి ఉంటే’ అనే చర్చ ఎక్కువగా ఈ వంశం చుట్టూనే తిరుగుతుంది. 1898 సంస్కరణలు గట్టెక్కి ఉంటే? యాలూ దగ్గర నౌకాదళం గెలిచి ఉంటే? రాజమాత సిషీ పదేళ్లు ముందే పోయి ఉంటే? జవాబులు చాలావరకు మనుషుల మీదే నడుస్తాయి: సిషీ దుర్మార్గురాలు, చక్రవర్తి గ్వాంగ్‌షు మంచివాడు, సేనాని యువాన్ షికాయ్ ద్రోహి. మనుషుల పాత్ర ఉంది, కాదనలేం. కానీ చివరి అరవై ఏళ్ల చింగ్ చరిత్రలో అంతకంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి. సైనికుడి జీతం ఎవరి చేతి మీదుగా అందుతోంది? ఆ జీతానికి వెండి ఎక్కడ, ఎవరి ఆజ్ఞతో వసూలవుతోంది? ఈ రెండూ అడిగితే బాగా ప్రచారంలో ఉన్న ఊహలు చాలావరకు తేలిపోతాయి. ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒకటి రెండు మాత్రం నిలబడతాయి.

ప్రత్యామ్నాయ చరిత్రకు కొన్ని నియమాలు లేకపోతే అది కోరికల చిట్టా అయిపోతుంది. మొదట తేదీ కావాలి. ‘చైనా ముందే ఆధునికమై ఉంటే’ అన్నదానికి తేదీ లేదు కాబట్టి దాన్ని పరీక్షించే మార్గమూ లేదు. ‘ఫలానా రోజు ఫలానా ఆజ్ఞ వెలువడకపోతే’ అంటే పరీక్షించొచ్చు. మార్పు ఎంత చిన్నదైతే ఊహ అంత గట్టిది: ఒక జ్వరం, ఒక వాన, ఒక రోజు ఆలస్యం. తేదీ తేలాక ఆ రోజున ఎవరి చేతిలో ఎంత సైన్యముందో, అది ఎంత దూరంలో ఉందో, ఖజానాలో ఎంత వెండి ఉందో రాసుకోవాలి. తర్వాత ఎదుటివాడి ఎత్తులు కూడా మార్చాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. చైనా నౌకలకు కొత్త ఫిరంగులు ఇస్తారు, జపాన్‌ను మాత్రం ఉన్నచోటే కట్టేసి ఉంచుతారు. చైనా ఇంకో యుద్ధనౌక కొంటే టోక్యో చేతులు ముడుచుకుని కూర్చోదు కదా. ఆఖరి నియమం, పది పదిహేనేళ్లు దాటి ముందుకు వెళ్లకూడదు. ఆ తర్వాత చెప్పేదంతా కల్పన.

జపాన్ పోలికతోనూ జాగ్రత్త అవసరం. మెయిజీ ప్రభుత్వం 1871లో సామంత సంస్థానాలను రద్దు చేసింది, 1873లో భూమి విలువ మీద 3 శాతం శిస్తు వేసి నగదు రూపంలో కేంద్రానికి రప్పించుకుంది. అప్పటి జపాన్ జనాభా మూడున్నర కోట్ల లోపు. చైనాలో 1850 నాటికి జనం 43 కోట్ల చుట్టూ ఉంటే, తలపన్నుకు లెక్క 1712లో కాంగ్‌షీ చక్రవర్తి గడ్డకట్టించినదే. పెరిగే జనాభా మీద పన్ను పెంచబోమన్న ఆ మాట మంచి పాలనకు గుర్తుగా నిలిచిపోయింది, తర్వాతివాళ్లెవరూ దాన్ని కదిలించే సాహసం చేయలేదు. జపాన్‌లో జరిగింది చైనాలో ఎందుకు జరగలేదన్న ప్రశ్నకు సగం జవాబు ఈ శిస్తు పుస్తకంలోనే ఉంది.

ముందరి మలుపులు: 1793, 1842

1793లో మెకార్ట్నీ రాయబారాన్ని చియెన్‌లోంగ్ చక్రవర్తి ఆదరించి ఉంటే అన్న ఊహ పాతదే. బ్రిటిష్‌వాళ్లు అడిగినవి బీజింగ్‌లో శాశ్వత రాయబారి, నింగ్బో, తియాన్‌జిన్ లాంటి రేవుల్లో వ్యాపారం, జౌషాన్ దగ్గర ఒక చిన్న దీవి. అన్నీ ఒప్పుకున్నా సమస్య తీరదు. బ్రిటన్‌కు టీ కావాలి, చైనాకు బ్రిటన్ సరుకులు అక్కర్లేదు. ఆ లోటు పూడ్చిన సరుకు బెంగాల్ నల్లమందు. రాయబారి బీజింగ్‌లో ఉన్నా గాంగ్జౌలో దిగే పెట్టెల లెక్క అదే.

నల్లమందు యుద్ధం కూడా ఊరించే మలుపే. 1841 మే చివర్లో గాంగ్జౌ పక్కన శాన్‌యువాన్‌లి దగ్గర గ్రామస్థులు బ్రిటిష్ దళాలను చుట్టుముట్టారు. కుండపోత వానలో 37వ మద్రాస్ నేటివ్ ఇన్‌ఫెంట్రీకి చెందిన ఒక కంపెనీ మిగతా దళం నుంచి తప్పిపోయింది. చెకుముకి తుపాకుల మందు తడిసిపోయింది, ఒక్కటీ పేలలేదు. వానలోనూ పేలే కొత్తరకం తుపాకులున్న మెరైన్లు వచ్చి వాళ్లను బయటపడేశారు. (మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలూ ఉండేవారు. ఆ యుద్ధం మనకు అనుకున్నంత దూరంలో ఏమీ జరగలేదు.) చైనా పాఠ్యపుస్తకాల్లో ఇది ప్రజావిజయం. ఆ కంపెనీ మొత్తం తుడిచిపెట్టుకుపోయినా యుద్ధ ఫలితం మారేది కాదు. 1842 జూలైలో బ్రిటిష్ నౌకలు యాంగ్‌ట్సీలో ఎదురెక్కి జెన్‌జియాంగ్‌ను పట్టుకున్నాయి. దక్షిణాది బియ్యాన్ని బీజింగ్‌కు చేర్చే మహాకాలువ యాంగ్‌ట్సీని దాటేది సరిగ్గా అక్కడ. రాజధాని తిండిగింజల దారి తెగాక చర్చలు తప్పలేదు, ఆగస్టు 29న నాన్‌జింగ్ సంధి అయిపోయింది. ఊహ నిలబడాలంటే మార్పు గాంగ్జౌలో కాదు, ఆ నదీముఖంలో జరగాలి. ఆవిరి నౌకలను ఆపగల కోటలు అక్కడ లేవు, రెండేళ్లలో కట్టే వీలూ లేదు.

అసలు మలుపు

1853 దగ్గర ఆగాలి. ఆ మార్చి 19న తైపింగ్ తిరుగుబాటుదారులు నాన్‌జింగ్‌ను పట్టుకుని రాజధాని చేసుకున్నారు. మే నెలలో బీజింగ్ మీదికి ఒక సైన్యాన్ని పంపారు. లిన్ ఫెంగ్‌షియాంగ్, లీ కాయ్‌ఫాంగ్‌ల నాయకత్వంలో కదిలిన ఆ దళం సుమారు 20 వేలని ఎక్కువమంది లెక్క. హెనాన్‌లో హ్వాయ్‌చింగ్ పట్టణం ముందు వాళ్లు దాదాపు రెండు నెలలు వృథా చేసుకున్నారు. అక్టోబర్ చివరికి తియాన్‌జిన్ శివార్లకు చేరేసరికి చలి మొదలైంది, కట్టలు తెంచి వదిలిన నీళ్లు దారికి అడ్డం పడ్డాయి. దక్షిణాది మనుషులు, ఒంటిమీద చలిబట్టలు లేవు. 1855 మే నాటికి ఆ దళం ఆనవాలు లేకుండా పోయింది.

చింగ్ వంశానికి 1912 కంటే ముందే ముగింపు పలకగల ఊహ ఇదే, ఇందులో మార్చాల్సింది చాలా తక్కువ. నాన్‌జింగ్‌లో ఆగిపోకుండా ప్రధాన సైన్యం మొత్తం ఉత్తరానికి కదలడం, లేదా హ్వాయ్‌చింగ్‌ను పక్కన పెట్టి సాగిపోవడం. రెండు నెలలు మిగిలితే తియాన్‌జిన్‌కు ఆగస్టులో చేరేవాళ్లు, చలి ఉండేది కాదు. తూకం ఎటు మొగ్గేదో చెప్పే అంకె ఒకటుంది. 1853 మధ్యకల్లా ఆర్థిక శాఖ ఖజానాలో మిగిలింది సుమారు 2 లక్షల 27 వేల టేల్‌లు. ఒక టేల్ అంటే దాదాపు 37 గ్రాముల వెండి. సామ్రాజ్యం మొత్తానికి ఎనిమిదిన్నర టన్నుల లోపు వెండి! బీజింగ్ పడిపోయి ఉంటే మంచూలు తిరిగి మంచూరియాకో, మంగోలు మైదానాలకో పోవాల్సి వచ్చేది. తైపింగ్‌లు చైనా మొత్తాన్ని నిలబెట్టుకునేవారా అంటే అనుమానమే. 1856లో నాన్‌జింగ్‌లో తమలో తాము నరుక్కున్న నాయకత్వం బీజింగ్‌లో మాత్రం సామరస్యంగా ఉండేదని నమ్మడం కష్టం.

జరిగిన చరిత్రలో చింగ్ బతికింది. ఎలా బతికిందన్నదే తర్వాతి ఊహలన్నింటికీ తాళంచెవి. 1853 జనవరిలో జెంగ్ గ్వోఫాన్ అనే హాన్ (మంచూ కాని, చైనా అధికసంఖ్యాక జాతి) అధికారి తల్లి చనిపోయిన సంతాపంలో హునాన్‌లోని సొంతూళ్లో ఉన్నాడు. స్థానిక దళాలు తయారు చేయమని ఆజ్ఞ వచ్చింది. అతను కట్టిన షియాంగ్ సైన్యం నిర్మాణం చూస్తే రాబోయేదంతా అర్థమవుతుంది. ఒక బెటాలియన్‌కు 500 మంది సైనికులు, 180 మంది మోతగాళ్లు. బెటాలియన్ నాయకుడు తన కింది అధికారులను తానే ఎంచుకుంటాడు, వాళ్లు తమ కింది వాళ్లను ఎంచుకుంటారు. నాయకుడు చనిపోతే ఆ బెటాలియన్‌ను రద్దు చేసి, కొత్తవాడు మళ్లీ కట్టుకోవాలి. మామూలు సైనికుడి జీతం నెలకు 4 టేల్‌ల పైచిలుకు. పాత ప్రభుత్వ సైన్యమైన హరితధ్వజ దళాల్లో కాల్బలానికి ఇచ్చేదానికి రెండింతలకు మించి. ఈ జీతం బీజింగ్ నుంచి రాదు. అదే 1853లో యాంగ్జౌ దగ్గర మొదలైన లిజిన్ అనే సుంకం నుంచి వస్తుంది. రోడ్ల మీద, కాలువల మీద నాకాలు పెట్టి, దాటే సరుకు మీద మొదట్లో ఒక శాతం చొప్పున వసూలు చేశారు. కొద్ది ఏళ్లలోనే రాష్ట్రాలన్నిటా పాకింది. వసూలు చేసేదీ ఖర్చు పెట్టేదీ రాష్ట్ర గవర్నర్, బీజింగ్‌కు అందేది లెక్కల కాగితం.

అంటే ప్రాణం దక్కించుకోవడానికి వంశం రెండు ఆస్తులు తాకట్టు పెట్టింది: సైన్యం, పన్ను. ఇచ్చిన చేతులు నమ్మకమైనవే కావచ్చు. కానీ పత్రం మాత్రం వాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఇక్కడి నుంచి వచ్చే ఏ ఊహనైనా ‘ఇందులో తాకట్టు విడిపించేది ఎవరు, ఏ డబ్బుతో?’ అని అడిగి చూడాలి.

చైనా చర్చల్లో తరచూ వచ్చే మరో ఊహ దీనికి అనుబంధం. 1864 జూలైలో నాన్‌జింగ్ తిరిగి స్వాధీనమయ్యాక, లక్ష మందికి పైగా సైన్యం ఉన్న జెంగ్ తానే సింహాసనం ఎక్కి ఉంటే? అతని రాజభక్తి ఒక్కటే అడ్డంకి అనుకుంటారు గానీ, లెక్క కూడా అడ్డంకే. దళాలకు నెలల తరబడి జీతాలు బాకీ. అతని శిష్యుడు లీ హుంగ్‌జాంగ్ దగ్గర వేరే సైన్యం, జువో జోంగ్‌తాంగ్ దగ్గర ఇంకోటి, ఆ ఇద్దరికీ వేరే ఆదాయ వనరులు. ఎగువన వూచాంగ్‌లో మంచూ గవర్నర్ జనరల్ గ్వాన్‌వెన్, ఉత్తరాన మంగోలు సేనాని సెంగెరిన్‌చిన్. తాకట్టు పత్రం ఒకరి చేతిలో కాదు, నలుగురి చేతుల్లో ఉంది. జెంగ్ తన సైన్యంలో ఎక్కువ భాగాన్ని రద్దు చేసి ఇళ్లకు పంపేశాడు, రాష్ట్ర సైన్యాల పద్ధతి మాత్రం లీ హుంగ్‌జాంగ్ హ్వాయ్ సైన్యంలో బతికే ఉంది.

1894: గుండ్ల కొరత, వెండి కొండ

ఇక అందరికీ ఇష్టమైన యాలూ నౌకాయుద్ధం, కొరియా మీద పట్టు కోసం 1894లో చైనా, జపాన్‌ల మధ్య వచ్చిన యుద్ధంలోది. లీ హుంగ్‌జాంగ్ పెంచిన బెయ్‌యాంగ్ నౌకాదళానికి వెన్నెముక జర్మనీలో కట్టించిన రెండు ఉక్కు కవచపు నౌకలు, డింగ్‌యువాన్, జెన్‌యువాన్. ఒక్కోటి 7 వేల టన్నులకు పైగా, ఒక్కోదానికి నాలుగు 305 మిల్లీమీటర్ల క్రుప్ ఫిరంగులు, 14 అంగుళాల కవచం. 1880ల మధ్యలో తూర్పు ఆసియాలో వాటికి సాటి లేదు. 1888లో దళాన్ని లాంఛనంగా ఏర్పాటు చేశాక మాత్రం పెద్ద కొనుగోళ్లు ఆగిపోయాయి. సిషీ వేసవి ప్రాసాదానికి నౌకాదళ నిధులు మళ్లించారన్న కథ అందరికీ తెలిసిందే, అందులో నిజముంది. 1891లో ఆర్థిక శాఖ విదేశీ నౌకలు, ఫిరంగుల కొనుగోలు రెండేళ్లు ఆపాలని ఆజ్ఞ తెచ్చిన సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ శాఖ మంత్రి వెంగ్ తోంగ్‌హెకు లీతో పాత వైరం. ఆ రెండేళ్లలోనే జపాన్ 23 నాట్ల (గంటకు 23 సముద్రపు మైళ్ల) వేగమున్న యోషినో నౌకకు ఇంగ్లాండ్‌లో ఆర్డర్ ఇచ్చి కట్టించుకుంది. డింగ్‌యువాన్ వేగం 14.5 నాట్లు.

1894 సెప్టెంబర్ 17న ఏం జరిగిందో దగ్గరగా చూస్తే ఎక్కడ మార్చాలో తెలుస్తుంది. డింగ్‌యువాన్ తొలి గుండు పేల్చినప్పుడు ఆ అదురుకే వంతెన దెబ్బతిని, అడ్మిరల్ డింగ్ రుచాంగ్ కాలికి గాయమైంది. జపాన్ నౌకలకు త్వరగా పేలే కొత్త తరహా ఫిరంగులున్నాయి, అవి మెత్తటి కవచపు క్రూజర్లను తగలబెట్టేశాయి. రెండు పెద్ద నౌకల మీద వందలకొద్దీ దెబ్బలు పడ్డా వాటి ప్రధాన కవచం చిల్లు పడలేదు. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో జెన్‌యువాన్ 305 మిల్లీమీటర్ల గుండు ఒకటి జపాన్ పతాకనౌక మత్సుషిమాకు తగిలి, డెక్ మీద పేర్చిన మందుగుండు అంటుకుంది. ఆ ఒక్క దెబ్బకే పాతిక మందికి పైగా చనిపోయారు, పతాకాన్ని హషిదాతెకు మార్చాల్సి వచ్చింది. పెద్ద ఫిరంగులకు పేలుడు గుండ్లు కొద్దిగానే ఉన్నాయి, మిగతావి తగిలినా చిల్లు పెట్టి ఊరుకునే రకం. కాబట్టి చిన్న మార్పు సిద్ధంగా ఉంది: 1891 నిషేధం లేదు, నౌకల వేగం అదే, గుండ్లు మాత్రం నిండుగా ఉన్నాయి, పక్క ఫిరంగులు కొత్తవి.

ఇదంతా ఇచ్చినా యుద్ధం గెలవడం కష్టం. యాలూకు ఒకటి రెండు రోజుల ముందే ప్యోంగ్యాంగ్‌లో హ్వాయ్ సైన్యం ఓడిపోయింది, కొరియా అప్పటికే చేజారింది. సముద్రం మీద సమఉజ్జీగా నిలిస్తే దక్కేది వేరేది. జపాన్ దళాలు లియావోడోంగ్‌లో, షాన్‌డోంగ్‌లో అంత సులువుగా దిగలేవు, బీజింగ్‌కు ముప్పు దూరమవుతుంది, సంధి షరతులు కొరియా దగ్గర ఆగుతాయి. ఈ ఊహ విలువంతా పరిహారం అంకెలో ఉంది. యుద్ధాన్ని ముగించిన షిమొనోసెకి సంధి ప్రకారం చైనా జపాన్‌కు కట్టాల్సింది 20 కోట్ల టేల్‌లు, అంటే దాదాపు 7,500 టన్నుల వెండి. లియావోడోంగ్‌ను జపాన్ వెనక్కి ఇచ్చినందుకు ఇంకో 3 కోట్లు. కేంద్రం ఏడాది ఆదాయం 8, 9 కోట్లు. తీర్చడానికి 1895లో ఫ్రాన్స్, రష్యాల నుంచి 40 కోట్ల ఫ్రాంకులు, 1896లో ఒకసారి, 1898లో ఇంకోసారి బ్రిటన్, జర్మనీల నుంచి కోటీ 60 లక్షల పౌండ్ల చొప్పున అప్పు తేవాల్సి వచ్చింది. హామీగా పోయింది కస్టమ్స్ ఆదాయం, బీజింగ్ చేతికి నేరుగా అందే ఏకైక పెద్ద పద్దు. జపాన్ ఆ వెండితో 1897లో బంగారు ప్రమాణానికి మారింది, యవాటా ఉక్కు కర్మాగారం పెట్టింది. ఒకే డబ్బు ఒకచోట తగ్గి ఇంకోచోట పెరిగింది కాబట్టి తేడా రెండింతలు.

ఈ ఊహలో ఒక లోపం ఉంది, దాన్ని దాచకూడదు. చైనాకు అప్పుడు నాలుగు నౌకాదళాలున్నాయి. నాన్‌యాంగ్, ఫుజియాన్ దళాలు యుద్ధం వైపు కన్నెత్తి చూడలేదు, గ్వాంగ్‌డోంగ్ నుంచి వచ్చినవి మూడే ఓడలు. 1895 ఫిబ్రవరిలో బెయ్‌యాంగ్ దళం స్థావరం వెయ్‌హాయ్‌వెయ్ లొంగిపోయినప్పుడు చైనా అధికారి నియూ చాంగ్‌బింగ్ జపాన్ అడ్మిరల్‌ను ఒక కోరిక కోరాడు: గ్వాంగ్‌బింగ్ అనే నౌక గ్వాంగ్‌డోంగ్‌ది, ఆ రాష్ట్రానికి ఈ యుద్ధంతో సంబంధం లేదు, దయచేసి తిరిగి ఇచ్చేయండి! ప్రపంచం నవ్విన ఆ మాటలో తప్పేమీ లేదు. తాకట్టు పెట్టిన రాజ్యంలో ఓడ ఎవరు జీతమిస్తే వాళ్లది. గుండ్లు నింపడం ఒక ఆజ్ఞతో అయ్యే పని. నాలుగు దళాలను ఒక జెండా కింద నడిపించడం ఆజ్ఞతో అయ్యేది కాదు.

వంద రోజులు: ఎందుకు నిలబడదు

1898 జూన్ 11 నుంచి సెప్టెంబర్ 21 దాకా 103 రోజులు సాగి, సిషీ అడ్డుకోవడంతో ఆగిన గ్వాంగ్‌షు సంస్కరణలే ఎక్కువమంది దృష్టిలో పెద్ద మలుపు. సెప్టెంబర్ 18 రాత్రి సంస్కరణవాది తాన్ సితోంగ్ బీజింగ్‌లోని ఫాహ్వా ఆలయంలో బస చేసిన యువాన్ షికాయ్‌ను కలిశాడు. జీలీ గవర్నర్ జనరల్ రోంగ్‌లును చంపి, సిషీ ఉన్న ప్రాసాదాన్ని చుట్టుముట్టమని అడిగాడు. యువాన్ ‘సరే’ అని నిలబడి ఉంటే?

లెక్క వేద్దాం. యువాన్ దగ్గర తియాన్‌జిన్ దాపున షియావోజాన్‌లో 7 వేల మంది. అదే చుట్టుపక్కల నియె షిచెంగ్ దగ్గర పది వేలకు పైగా, డోంగ్ ఫూషియాంగ్ గాన్సు దళాలు వేరే. ఆ ఇద్దరూ రోంగ్‌లు మనుషులే. తుపాకులున్నా గుండ్లు, మందు రోంగ్‌లు అదుపులో ఉన్నాయని యువాన్ తర్వాత రాసుకున్న వివరణలో చెప్పాడు. అతని మాట పూర్తిగా నమ్మనక్కర్లేదు గానీ, అబద్ధమని కొట్టిపారేయడానికీ లేదు. షియావోజాన్ నుంచి బీజింగ్ వంద కిలోమీటర్లకు పైమాటే. రైలు ఎక్కాలంటే తియాన్‌జిన్ దాటాలి, తియాన్‌జిన్ రోంగ్‌లు కూర్చున్న చోటు. పైగా సెప్టెంబర్ 19నే సిషీ వేసవి ప్రాసాదం వదిలి నగరంలోని రాజప్రాసాదానికి వచ్చేసింది. ఆమె ఉన్న చోటు చుట్టుముట్టాలంటే చక్రవర్తి ఉన్న చోటునే ముట్టడించాలి.

కుట్ర ఫలించిందనే అనుకుందాం. మర్నాడు పొద్దున ఏమవుతుంది? గ్వాంగ్‌షు వందకు పైగా ఆజ్ఞలు జారీ చేస్తే రాష్ట్రాల్లో వాటిని మనసుపెట్టి అమలు చేసింది హునాన్ గవర్నర్ చెన్ బావోజెన్ ఒక్కడే అనాలి. మిగతావాళ్లు కాగితం అందిందని జవాబు రాసి ఊరుకున్నారు. సెప్టెంబర్ 4న ఆచారాల శాఖ ఆరుగురు అధిపతులను ఒక్క వేటుతో తీసేయడంతో బీజింగ్ ఉద్యోగవర్గం మొత్తం బెదిరిపోయింది. డబ్బు అప్పులవాళ్లకు పోతోంది, సైన్యం గవర్నర్ల దగ్గర ఉంది. గెలిచిన చక్రవర్తి కూడా యువాన్ షికాయ్ చేతిలో బందీయే అయ్యేవాడు. 1911లో జరిగినదే పదమూడేళ్లు ముందు జరిగేదన్నమాట.

1900 గురించి రెండు మాటలు చాలు. జూన్ 21న సిషీ దర్బారు విదేశీయుల మీద తిరగబడ్డ బాక్సర్ల పక్షాన విదేశాల మీద యుద్ధం ప్రకటిస్తే, లియూ కున్‌యీ, జాంగ్ జీడోంగ్, లీ హుంగ్‌జాంగ్‌లాంటి దక్షిణాది అధిపతులు ఆ ఆజ్ఞను పక్కనపెట్టి విదేశీయులతో తమ ఒప్పందం తాము చేసుకున్నారు. యుద్ధం ప్రకటించకపోయి ఉంటే 45 కోట్ల టేల్‌ల పరిహారం తప్పేది. వడ్డీతో, 39 ఏళ్లకు, అది 98 కోట్లు. తేదీ స్పష్టం, మార్పు చిన్నది, లాభం భారీ. అయినా 1898తో పోలిస్తే ఈ ఊహను ఎత్తేవాళ్లు తక్కువ, బహుశా ఇందులో వీరుడెవరూ లేడు కాబట్టి.

1908 నుంచి 1911 దాకా

గట్టి ఊహ చివరి మూడేళ్లలో ఉంది. 1901 తర్వాత సిషీయే ‘నూతన విధానాలు’ మొదలుపెట్టింది. 1905లో వెయ్యేళ్లకు పైగా నడిచిన ఉద్యోగ పరీక్షలు రద్దయ్యాయి. 1908 ఆగస్టులో రాజ్యాంగ రూపురేఖలు, తొమ్మిదేళ్ల కార్యక్రమం వెలువడ్డాయి. 1909లో రాష్ట్ర సభలు కూర్చున్నాయి. 36 డివిజన్ల కొత్త సైన్యానికి, డివిజన్‌కు 12,500 మంది చొప్పున, ప్రణాళిక వేశారు. 1911కు తొలిసారి దేశం మొత్తానికి బడ్జెట్ తయారైంది. ఆదాయం దాదాపు 30 కోట్ల టేల్‌లు, ఖర్చు అంతకంటే ఎక్కువ. లోటు ఉంది, నిజమే. కానీ అరవై ఏళ్లలో తొలిసారి రాష్ట్రాల వసూళ్లు ఒక కేంద్రం పుస్తకంలోకి ఎక్కుతున్నాయి. తాకట్టు విడిపించే పని మొదలైందన్నమాట. రాష్ట్రాలకు కోపం తెప్పించిందీ సరిగ్గా అదే.

1908 నవంబర్ 14న గ్వాంగ్‌షు 37 ఏళ్ల వయసులో చనిపోయాడు, మర్నాడే సిషీ పోయింది. అతని అవశేషాల్లో ఆర్సెనిక్ ప్రాణాంతక స్థాయిలో ఉందని 2008లో పరీక్షలు తేల్చాయి. ఆ విషం పడకపోయి ఉంటే? చిన్న మార్పు, కచ్చితమైన తేదీ. మన నియమాలకు బాగా నప్పుతుంది. బతికిన గ్వాంగ్‌షు యువాన్‌ను వెంటనే తరిమేసేవాడు. ఆ పని నిజచరిత్రలో కూడా 1909 జనవరిలో బాల చక్రవర్తి పూయీ తరఫున పాలించిన రాజప్రతినిధి జాయ్‌ఫెంగ్ చేశాడు, ‘కాలి జబ్బు’ సాకుతో. తేడా ఎక్కడ వస్తుందంటే, రాష్ట్ర సభల్లో కూర్చున్న జాంగ్ జియాన్, తాంగ్ హ్వాలోంగ్‌లాంటి రాజ్యాంగవాదులకు 1898 చక్రవర్తి మీద గురి ఉంది. వాళ్లు 1910లో పార్లమెంట్ త్వరగా పెట్టమని మళ్లీ మళ్లీ విజ్ఞప్తులు పంపారు. జాయ్‌ఫెంగ్ 1913 అన్నాడు, ఆ తర్వాత ఉద్యమాన్ని అణిచాడు. 1911 అక్టోబర్ తర్వాత విప్లవాన్ని ఒక్కో రాష్ట్రంలో నిలబెట్టింది బాంబులు చేసిన కుర్రవాళ్లకంటే, వాళ్లతో చేతులు కలిపిన ఈ సభల పెద్దలే.

1911 మే నెలను రోజువారీగా చూడాలి. 8వ తేదీన తొలి మంత్రివర్గం: 13 మందిలో 9 మంది మంచూలు, అందులోనూ రాజకుటుంబీకులే ఎక్కువ. 9న రైల్వే ప్రధాన మార్గాల జాతీయీకరణ. 20న నాలుగు దేశాల బ్యాంకులతో 60 లక్షల పౌండ్ల హూగ్వాంగ్ రైల్వే అప్పు ఒప్పందం. పన్నెండు రోజుల్లో ఈ మూడింటినీ పక్కపక్కన పేర్చిన ప్రభుత్వాన్ని చేతకానితనానికి కొలమానంగా పెట్టొచ్చు. సిచువాన్‌లో రైల్వే కంపెనీ మూలధనం ఎక్కువగా భూమి కౌలు మీద నిర్బంధంగా తీసుకున్న వాటాల నుంచి వచ్చింది. పొలమున్న ప్రతి ఇల్లూ ఇష్టమున్నా లేకున్నా వాటాదారే. కంపెనీ నిధిలో లక్షల టేల్‌లు 1910 షాంఘై రబ్బరు షేర్ల పతనంలో మునిగాయి. పక్క రాష్ట్రాల వాటాదారులకు మెరుగైన షరతులిచ్చి, సిచువాన్ నష్టాన్ని మాత్రం భరించేది లేదన్నారు. రవాణా మంత్రి షెంగ్ షుయెన్‌హ్వాయ్ పద్దులవారీగా చూస్తే చేసింది సబబే. సట్టా నష్టానికి ఖజానా ఎందుకు పూచీ పడాలి? కానీ ఆ మొత్తం తెచ్చిన అప్పులో చిన్న ముక్క. సెప్టెంబర్ 7న చెంగ్డూలో గవర్నర్ జనరల్ జావ్ అర్‌ఫెంగ్ ఉద్యమ నాయకులను అరెస్టు చేసి, గుమికూడిన జనం మీద కాల్పులు జరిపించాడు. రాష్ట్రమంతా అంటుకుంది. ఆర్పడానికి డువాన్‌ఫాంగ్ వెంట హూబెయ్ కొత్త సైన్యం నుంచి దళాలు తరలాయి, హూబెయ్ రాజధాని వూచాంగ్‌లో కాపలా పలచబడింది.

అక్టోబర్ 9న హాంకౌలో రష్యా పెత్తనం కింద ఉన్న పేట (రష్యన్ కన్సెషన్)లో విప్లవకారుల బాంబు తయారీలో ఉండగానే పేలింది, సభ్యుల జాబితా పోలీసులకు దొరికింది. ఎవరి పేరు ఉందో తెలియక సైనికులంతా తమ పేరే ఉందని భయపడ్డారు. 10 రాత్రి ఇంజనీర్ల బెటాలియన్ తిరగబడింది. గవర్నర్ జనరల్ రుయిచెంగ్ తన యామెన్ (అధికార భవనం) వెనుక గోడకు కన్నం పెట్టించుకుని గన్‌బోటులోకి పారిపోయాడు. ఇక్కడ మార్చదగ్గవి చాలా ఉన్నాయి: జాబితాను అందరిముందూ తగలబెట్టడం, రుయిచెంగ్ ఒక్క రాత్రి నిలబడటం. వీటితో వూచాంగ్ ఆగుతుంది, కానీ ఇంకోచోట రాజుకుంటుంది. అడుగునున్న కారణాన్ని తాకే మార్పు మే నెలలోనే ఉంది. సిచువాన్ వాటాలకు పూర్తి విలువ కట్టి, మంత్రివర్గంలో హాన్‌లకు సగానికి పైగా స్థానాలిచ్చి ఉంటే పార్లమెంట్ దాకా, అంటే 1913 దాకా, బండి నడిచేది. ఈ మాట ధైర్యంగా చెప్పొచ్చు. అంతకు మించి చెప్పడం కష్టం.

వూచాంగ్ తర్వాత మాత్రం ఏ ఊహకూ చోటు లేదు. అక్టోబర్ 14న యువాన్‌ను పిలిస్తే అతను ‘కాలు ఇంకా నయం కాలేద’న్నాడు. 29న బీజింగ్‌కు దగ్గర్లోని లువాన్‌జౌలో 20వ డివిజన్ కదలకుండా నిలబడి పన్నెండు డిమాండ్లు పంపింది. నవంబర్ 3న దర్బారు పందొమ్మిది అధికరణాల రాజ్యాంగం ఒప్పుకుంది. మే నెలలో అందులో సగమిచ్చినా పండగ చేసుకునేవాళ్లు, నవంబర్‌లో ఎవరికీ అక్కర్లేదు. యువాన్ సేనాని ఫెంగ్ గ్వోజాంగ్ హాంకౌను, నవంబర్ 27న హాన్‌యాంగ్‌ను తిరిగి పట్టుకున్నాడు, నది అవతల వూచాంగ్ కనిపిస్తూనే ఉంది. యువాన్ అక్కడ ఆపేశాడు. విదేశీ బ్యాంకులు రెండు పక్షాలకూ అప్పు నిరాకరించాయి. 1912 జనవరి 26న డువాన్ చిరుయ్ మొదలుకొని నలభై మందికి పైగా సేనానులు గణతంత్రం కోరుతూ తంతి పంపారు. తాకట్టు పెట్టినవాళ్లను ఇంటినుంచి ఖాళీ చేయమన్న నోటీసు అది.

చింగ్ 1913 దాటి బతికి ఉంటే ఏ రూపంలో అన్న ప్రశ్నకు జవాబు, పేరుకు చక్రవర్తి, పెత్తనం ప్రధానిది. మంగోలియా విడిపోయేది కాదని కొందరంటారు, మంగోలు రాజుల విధేయత చైనాకు కాదు, చక్రవర్తికి కాబట్టి. ఆ వాదనలో సగమే బలముంది. మంగోలు భూముల్లో హాన్ రైతులను దించిన ‘నూతన విధానాలు’ ఆ విధేయతను 1911 డిసెంబర్‌కు ముందే అరగదీశాయి. పరిహారం వాయిదాలు 1940 దాకా ఉన్నాయి, 1915లో జపాన్ తెచ్చిన ఇరవై ఒక్క డిమాండ్లు ఏ ప్రభుత్వం ఉన్నా గుమ్మంలోకి వచ్చేవే.

ఈ ఊహల్లో ఒకదాన్ని చరిత్రే ఆచరణలో పెట్టి చూసింది. 1917 జూన్‌లో జాంగ్ షున్ అనే సేనాని, గణతంత్రం వచ్చి ఐదేళ్లయినా మంచూల పట్ల విధేయతకు గుర్తైన జడలు తీయని తన దళాల్లో సుమారు 5 వేల మందిని బీజింగ్‌కు తెచ్చి, జూలై 1న పదకొండేళ్ల పూయీని మళ్లీ గద్దెనెక్కించాడు. మిగతా సేనానులు మద్దతిస్తారని నమ్మాడు. డువాన్ చిరుయ్ తియాన్‌జిన్ వైపు నుంచి దళాలతో కదిలాడు, ఒక విమానం రాజప్రాసాదం మీద బాంబులు వేసింది, 12వ తేదీకి అంతా ముగిసింది. రాష్ట్రాల నుంచి రూపాయి రాలేదు, ఒక్క బెటాలియన్ కదలలేదు. ఆ 5 వేల మంది కూడా జీతం తీసుకున్నది పూయీ దగ్గర కాదు, జాంగ్ షున్ దగ్గర.